తెడ్డుముక్కులో చుక్కలు

ఆ ఉదయం ప్రూఫులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నిఘంటువు ప్రూఫులు ఓ నలభై పుటలు దిద్దితే ఆయన పని అయిపోయినట్టే. భార్య పథకమే పెద్దది. ఆమె మ్యూజియంలో చేపల ఎముకలు శుభ్రం చేసి నిలబెట్టే ఉద్యోగి. తనకు చదువు చెప్పిన మాస్టారు తొలిసారి ఈ ఊరు వస్తున్నారు. ఆయన్ను రైలు దగ్గర కలుసుకుని ఇంటికి తీసుకురావాలి, ఇంట్లో ఉన్న రెండు చేప తలలతో సహా మ్యూజియంకి వెళ్ళాలి. అక్కడి ఫ్రీజర్ పాడై వారమైంది. అప్పట్నుంచి అవి ఇంటి ఫ్రీజర్లోనే కాపురం పెట్టాయి.

ఒకటి స్టర్జన్ అనే చేపది. రెండోది దాని దాయాది, తెడ్డుముక్కు చేపది. దీనికి తలకన్నా ముక్కే పొడుగు. ఈ ఒక్క తల కోసం ఆమె తొమ్మిదేళ్ళు ఎవరెవరికో ఉత్తరాలు రాసింది.

తొమ్మిదింటికి ఆమె స్టేషన్ నుంచి ఫోన్ చేసింది. "ఏవండీ, రైలు రెండు గంటలు లేటట. ఈలోగా ఆ తలలు తీసి గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. గడ్డ విడవాలి."

"రెండూనా?"

"రెండూ. నీళ్ళు మరీ చల్లారిపోకుండా చూడండి."

ఆ చివరి మాటే కొంప ముంచింది. స్టర్జన్ తల బకెట్లో నిక్షేపంగా పట్టింది. రెండోదానికి చోటు చాలలేదు. లోతైన గిన్నెలో ముక్కు కిందికి, తల పైకి నిలబెట్టాడు. నీళ్ళు చల్లారకూడదు కదా అని పొయ్యి మీదికెక్కించి, సన్నటి సెగ పెట్టి, తృప్తిగా ప్రూఫుల్లో మునిగిపోయాడు.

కాసేపటికి ఆయన తల్లి వంటింట్లోకి వచ్చింది. "ఇలా మిణుకుమిణుకుమంటే ఎప్పటికి ఉడికేను!" అని సెగ పెంచి వెళ్ళింది. రెండు గంటలు గడిచాక తిరిగొచ్చి తల తీసి గట్టు మీద పెట్టింది, గిన్నెలో మిగిలిన చిక్కటి జిగురు సింకులో పారబోసింది.

ప్రూఫులాయన వచ్చి చూసి నిలువునా నీరుకారిపోయాడు. "అమ్మా, ముక్కేది?"

"ఏ ముక్కురా?"

"దీనికి మూరెడు ముక్కుండాలి!"

"నేను తీసేసరికి ఇంతే ఉంది. పాపం, పుట్టుకే అంతేమోననుకున్నా."

అతను సింకు కేసి పరుగెత్తాడు. నీళ్ళు కిందికి దిగడం మానేసి పైకి వస్తున్నాయి. జిగురు గొట్టంలో చల్లారి బిగుసుకుపోయింది. వెంటనే ప్లంబర్‌కి ఫోన్ చేశాడు. పావుగంటలో తలుపు చప్పుడైంది. ముక్కూ మొహం తెలియని ముసలాయన, భుజాన గుడ్డసంచి, మోచేతుల దాకా మడిచిన చొక్కా.

"రండి రండి, మీకోసమే చూస్తున్నా. వంటింట్లో ఉంది."

"నేరుగా అక్కడికేనా? మంచిది," అన్నాడు ముసలాయన.

"ముక్కు కరిగి గొట్టంలోకి పోయిందండీ. మా ఆవిడ వచ్చేలోపు బయటికి తీయాలి."

"ఎవరి ముక్కు?"

"తెడ్డుముక్కు చేపది."

ముసలాయన గట్టు మీది తలను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సింకు కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నల్ల పళ్ళెం ఉంటే ఇవ్వండి. వేణ్ణీళ్ళు కూడా."

గొట్టం వంపు విప్పగానే జిగురుముద్ద వణుకుతూ పళ్ళెంలో పడింది. వేణ్ణీళ్ళు పోసి మెల్లగా వంచేసరికి అడుగున తెల్లటి నూక మిగిలింది. ముసలాయన సంచిలోంచి భూతద్దం తీశాడు. ప్లంబరంటే ఇంత శ్రద్ధ ఉండాలి అనుకున్నాడు ప్రూఫులాయన.

"చూడండి," అంటూ ఆయన అద్దం చేతికిచ్చాడు.

ప్రూఫులాయన వంగి చూశాడు. నూక కాదు, నక్షత్రాలు. ఒకదానికి ఐదు కొమ్మలు, ఒకదానికి ఏడు. ఏ రెండూ ఒకలా లేవు. నల్లటి పళ్ళెంలో వందలకొద్దీ ఎముక చుక్కలు. ఊపిరి తగిలితే చెదురుతాయేమోనని అతను ముక్కు మూసుకున్నాడు.

"ఆ తెడ్డంతా మెత్తటి మృదులాస్థే," అన్నాడు ముసలాయన. "దాన్ని ఈ చుక్కలు కొమ్మకు కొమ్మ పట్టుకుని కాస్తాయి. పైన తోలు నిండా సన్న గుంటలు. నీళ్ళలో నలకంత పురుగు కదిలినా, దాని ఒంట్లోంచి పుట్టే విద్యుత్తు ఈ ముక్కుకు తెలిసిపోతుంది. ఇక నోరు బార్లా తెరిచి వడకట్టుకోవడమే."

"మరి ఆ దాయాదో?"

ఆయన బకెట్లోంచి స్టర్జన్ తల ఎత్తాడు. "దీని దారి వేరు. నెత్తిన పెంకుల్లా ఎముక పలకలు, ముక్కు కింద నాలుగు మీసాలు. బురదను మీసాలతో తడుముతుంది. తిండి తగిలిందా, కిందనున్న నోరు గొట్టంలా బయటికి చాచి పీల్చేస్తుంది. మూలపురుషుడు ఒక్కడే. ముక్కుల దగ్గర వాటాలు పంచుకున్నారు."

అప్పుడే గుమ్మంలో భార్య గొంతు వినిపించింది. "మాస్టారూ! నేనక్కడ ప్లాట్‌ఫారమంతా వెతుకుతున్నా!"

"రైలు లేటని దారిలోనే దిగి బస్సెక్కానమ్మా. చిరునామా ఉంది కదా అని వచ్చేశా."

ప్రూఫులాయన గబుక్కున లేచి మాస్టారికి కుర్చీ లాగాడు. ఆమె గట్టు మీది తలను చూసింది. ముక్కు ఉండాల్సిన చోట ఉన్న ఖాళీని చూసింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఏడవకమ్మా, ఇలా వచ్చి చూడు," అన్నారు మాస్టారు. "ఈ చుక్కల్ని నలభై ఏళ్ళు సుద్దతో నల్లబల్ల మీద గీశాను. పుస్తకంలో చూసి గీసినవే. ఒక్కటైనా చేత్తో తాకలేదు. నీ ముక్కు నిండుగా ఉంటే ఇవాళా తాకేవాణ్ణి కాదు. తోలు మీద నిమిరి, మెచ్చుకుని వెళ్ళిపోయేవాణ్ణి."

ఆమె కళ్ళు తుడుచుకుని అద్దంలోకి వంగింది. అలాగే ఉండిపోయింది. చివరికి తలెత్తకుండానే భర్తతో, "మీ సంగతి తర్వాత. ముందు పట్టకారు తెండి," అంది.

అసలు ప్లంబరు వచ్చేసరికి నలుగురూ నేల మీద కూర్చుని చుక్కలు ఏరుతున్నారు. అతనూ ఒకసారి అద్దంలోంచి చూశాడు. రెంచీ పక్కన పెట్టి, గొట్టంలో మిగిలినవి తనే వేలితో తీసిచ్చాడు.

సాయంత్రానికి చుక్కలతో ఓ సీసా నిండింది. మాస్టారు దాన్ని వెలుతురుకెత్తి మురిసిపోతుంటే పెద్దావిడ మనసు పొంగిపోయింది. "అంత బాగున్నాయంటే, ఆ రెండోదాన్నీ పొయ్యి మీద పెట్టనా అమ్మాయీ?"

కోడలు బకెట్ ఎత్తుకుని, ఆటో కోసమైనా ఆగకుండా మ్యూజియంకి నడిచే బయల్దేరింది.