టైలరు పోగొట్టుకున్న నిమిషం

"ఈ లోకంలో నేరస్థులు భయపడే మెదళ్లు రెండే రెండు. ఒకటి ఇంకా పుట్టలేదు. రెండోది ఇదిగో, నీ కుట్టుమిషను పక్కన కూర్చుని ఉంది," అని బావ ప్రకటించాడు.

టైలరు తలెత్తలేదు. మధ్యాహ్నం పందేనికి వేసుకోవలసిన నిక్కరు తొడ దగ్గర చిరిగితే కుట్టుకుంటున్నాడు. అక్క మొగుడు కాబట్టి ఆ మెదడుని బయటికి గెంటే వీలు లేదు. బావ నీళ్ల ఆఫీసులో గుమాస్తా. వెతికిన ఫైలు దొరకని రోజున తనలోని డిటెక్టివ్‌ని గుర్తు చేసుకుంటాడు. అంటే రోజూ.

"మీ అక్క చెప్పింది. పందెంలో దాదాపు నిమిషం పోయిందటగా?"

"పోలేదు బావా. ఓడిపోతున్నానంతే."

అది నాలుగు రోజుల సైకిలు పోటీ. మొదటి రోజు అందరూ గుంపుగా బయల్దేరే దూరపు పందెం, రెండో రోజు కొండ పందెం, నిన్న ఒంటరి పందెం, ఇవాళ ఊరి వీధుల్లో ముప్ఫై చుట్లు. నాలుగు రోజుల సమయం కలిపితే ఎవరిది తక్కువో వాడే విజేత. పద్నాలుగేళ్లుగా తొక్కుతున్నా టైలరు ఏ పోటీ గెలవలేదు. వచ్చే ఏడాదికి మోకాళ్లు ఒప్పుకోవని డాక్టరు తేల్చేశాడు. అలాంటిది, రెండు రోజులయ్యేసరికి మొత్తం మీద ముందున్నది తనే! ఒంటరి పందెంలో నిమిషానికొకరిని వదులుతారు. అందరికంటే ముందున్నవాడు చివర వెళ్లాలి. టైలరు ఒళ్లు మరిచి తొక్కాడు. సాయంత్రం కాగితం చూస్తే, మొత్తం మీద మూడో స్థానంలో ఉన్న ప్లంబరు కంటే నలభై తొమ్మిది సెకన్లు వెనక.

పొద్దుటి నుంచి తనని తానే విచారించుకుంటున్నాడు. బయల్దేరే బల్ల మీద, వెనక మనిషి సీటు పట్టుకుని ఉండగా, కాలం ఆగిపోయినట్టు అనిపించింది. అంత పిరికివాడా తను? ఇంకాస్త గట్టిగా అడిగితే ఏ నేరమైనా ఒప్పేసుకునేలా ఉన్నాడు.

"నిమిషం దానంతటది పోదురా. ఎవరో ఎత్తుకుపోయారు. పద!"

స్కూలు గదిలో, పోటీకి సమయాలు లెక్కగట్టే లెక్కల టీచరమ్మ ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

"ఆ నిమిషంలో మీరెక్కడున్నారు?" అన్నాడు బావ.

"ఏ నిమిషంలో?"

"పోయిన నిమిషంలో."

"అదెప్పుడో తెలిస్తే ఇక పోయిందెక్కడండీ?"

బావ నోటుపుస్తకంలో 'ప్రమాదకరమైన తెలివి' అని రాసుకున్నాడు. ప్లంబరుని నిలదీశాడు.

"సైకిలు మీదున్నా సార్. రెండొందల మంది చూశారు."

మిగతావాళ్లదీ అదే జవాబు. బావ కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "ఉన్నవాళ్లందరికీ సాక్ష్యం ఉంది. కాబట్టి దొంగ, లేనివాడు!"

నిన్న రానిది బేకరీవాడొక్కడే. మొత్తం మీద రెండో స్థానంలో ఉండి, పంటినొప్పితో ఆగిపోయాడు. ఇవాళ వాచిన బుగ్గతో చూడ్డానికొచ్చాడు. బావ అతని కాలరు పట్టుకుని లోపలికి ఈడ్చుకొచ్చాడు.

"మా బావమరిది నిమిషం కక్కు!"

"నిన్న పన్ను పీకించుకుంటున్నా మహాప్రభో! నాకిచ్చిన నిమిషమే ఖాళీగా పోయింది. అక్కడ నా పేరు మూడుసార్లు పిలిచి, నిమిషమంతా ఆగి, అప్పుడు మీవాణ్ణి వదిలారట."

టీచరమ్మ పెన్ను ఆగింది. "ఖాళీగా ఆగారా? ఈయన పేరు కొట్టేసి, టైలరుగారు ఒక నిమిషం ముందే బయల్దేరారని రాశానే!"

బయల్దేరే చోటు ఊరికి అవతల. గడియారంతో ఆవిడ ఇవతల, ముగింపు గీత దగ్గర. టైలరు వెనక ఎవరూ లేరు కాబట్టి దెబ్బ అతనొక్కడికే.

"మీ సమయంలో నిమిషం ఎక్కువ వేశాను. తీసేస్తే పదకొండు సెకన్లు ముందున్నారు," అందామె, కాగితం దిద్దుతూ.

తన పిరికితనం అనుకున్నది బేకరీవాడి ఖాళీ నిమిషమని తెలిసి టైలరు కుర్చీలో కూలబడ్డాడు.

బావ మాత్రం కాలరు వదల్లేదు. "సరే. ఎక్కడ దాచావు?"

మధ్యాహ్నం ముప్ఫై చుట్లూ టైలరు ప్లంబరు వెనక చక్రానికి అతుక్కునే తిరిగాడు. ఇద్దరూ గుంపులోనే గీత దాటారు; గుంపు మొత్తానికీ ఒకే సమయం. పదకొండు సెకన్లు పదకొండుగానే మిగిలాయి. అక్క ఏడుస్తూ తమ్ముణ్ణి వాటేసుకుంది. బావ ఆమెను మర్యాదగా పక్కకి జరిపాడు.

"మొదటి రోజు ఎన్నోవాడివి?"

"మూడు."

"కొండ మీద?"

"రెండు."

"నిన్న?"

"నాలుగు బావా."

"ఇవాళ?"

"పదహారు."

బావ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఒక్కరోజూ మొదట రానివాడు మొదటివాడెలా అవుతాడు? నా దగ్గర దాచకు బావమరిదీ. ఎవరిని కొన్నావు?"