జెకర్యా తన గంట తానే విన్న కథ

ఒక పెద్ద అడవిలో చర్చి గంట ఒకటి ఉండేది. అడవిలో చర్చి ఏమిటయ్యా అని మీరడుగుతారు, నాకు తెలుసు. ఎప్పుడో మనుషులు కట్టుకున్నారు. తర్వాత వాళ్ళకేం తోచిందో ఏమో, మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. కప్పు కూలింది, తలుపులు చెదలు తిన్నాయి. గంట మాత్రం రెండు రాతి స్తంభాల మధ్య అలాగే వేలాడుతూ ఉండిపోయింది. ఊరికే దొరికిన దాన్ని ఎవరు వదులుకుంటారు? జంతువులు దాన్ని తమ పాలనలోకి తీసుకున్నాయి.

ఆదివారం కూడికకి గంట మూడుసార్లు మోగేది. మొదటిది లేవడానికి, రెండోది ఒళ్ళు కడుక్కోవడానికి, మూడోది పరిగెత్తడానికి. బిడ్డ పుడితే ఒకే ఒక్క దెబ్బ. ఎవరైనా పోతే మాత్రం వాళ్ళ వయసు ఎంతో అన్ని దెబ్బలు, మెల్లగా, ఒక్కో దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత ఎడం ఇస్తూ కొట్టాలి. అడవంతా పని ఆపి లెక్కపెట్టేది. నాలుగుతో ఆగిపోతే ఏ కుందేలో అనుకునేవాళ్ళు, అరవై దాటితే ఏనుగేనని కండువాలు వెతుక్కునేవాళ్ళు.

ఆ గంట తాడుని పంతొమ్మిదేళ్ళు లాగినవాడు ఎలుగుబంటి జెకర్యా. వానైనా, చలైనా, ఒంట్లో జ్వరమైనా ఒక్క ఆదివారం తప్పలేదు. మోకాళ్ళు అరిగాక తాడు వదిలేసి, కొండవార తన గుహలో ఒంటరిగా ఉంటున్నాడు. గంట కొట్టినన్నాళ్ళూ అందరూ గంటనే విన్నారు గానీ కొట్టినవాడి మొహం ఎవరు చూశారు? అదే ఆయన బాధ.

ఆ బాధ ఉన్నవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళంతా కలిసి రిటైరైన గంట కొట్టేవాళ్ళ సంఘం పెట్టుకున్నారు. మంగళవారం పొద్దున నేరేడు చెట్టు కింద సమావేశం, ఇప్పపువ్వు కషాయం, కాల్చిన దుంపలు. అధ్యక్షుడు కణితి జింక గమలీయేలు, ఒకప్పుడు కొమ్ములకి తాడు చుట్టుకుని లాగినవాడు. కొండముచ్చు సిలువరాజు తాడుకి వేలాడి ఊగినవాడు. ఏళ్ళ తరబడి గంట కింద నిలబడ్డ పుణ్యమా అని అందరికీ సగం చెవుడు. కాబట్టి సంఘం రహస్యంగా ఏం మాట్లాడుకున్నా మూడు మైళ్ళ దాకా తెలిసేది.

చర్చనీయాంశం ఎప్పుడూ ఒకటే. ఇప్పుడు గంట కొడుతున్న అడవిదున్న ఫిలేమోనుకి పని రాదు.

"వాడు లాగుతున్నాడా, పీకుతున్నాడా?" అని అరిచాడు గమలీయేలు.

"మా రోజుల్లో గంట పలికేది. ఇప్పుడు మొత్తుకుంటోంది," అని అరిచాడు సిలువరాజు. అదేదో తిట్టే అయి ఉంటుందని మిగతావాళ్ళు తలలూపారు.

ఆ మంగళవారం జెకర్యా దుంప ముట్టుకోలేదు.

"ఏంటన్నా అలా ఉన్నావ్?" అన్నాడు సిలువరాజు.

"ఏం లేదురా. మొన్న ముసలి నక్క పోయింది గదా, దాని గంట వింటూ ఉంటే తట్టింది. ఈ అడవిలో రెండు తరాల వాళ్ళని నేనే సాగనంపాను. రేపు నేను పోతే నాకూ కొడతారు. కానీ నేను వినను గదరా! ఎవరొస్తారో, ఎవరు రారో, కన్నీళ్ళు పెట్టేవాళ్ళు ఒక్కరైనా ఉంటారో లేదో నాకెలా తెలుస్తుంది?"

ఆ మాట అందరికీ వినపడింది. విచిత్రమేమో గానీ గుండెలో గుచ్చుకునే మాట చెవిటివాళ్ళకి కూడా వినపడుతుంది.

"దానికేం భాగ్యం? ముందే కొట్టిద్దాం," అన్నాడు సిలువరాజు.

గమలీయేలు లేచి కొమ్ములు సవరించుకున్నాడు. "సంఘంలో వయసు మీద పడ్డ సభ్యులకి బతికుండగానే వారి గంట వినిపించే పథకం. మొదటి లబ్ధిదారు జెకర్యాగారు. అభ్యంతరాలున్నవాళ్ళు చేతులెత్తండి."

సగంమందికి వినపడలేదు, సగంమంది దుంపలు తింటున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది.

"వయసెంత రాయమంటారు?" అని అడిగాడు గమలీయేలు.

"ముప్పై రెండు," అన్నాడు జెకర్యా. నిజానికి ముప్పై. ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ వింటే ఎవరి సొమ్ము పోయింది?

ఫిలేమోను మంచివాడు. ఎందుకు అని అడిగే అలవాటు లేదు. శుక్రవారం పొద్దున తాడు పళ్ళతో పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. జెకర్యా స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. చెవులు మోసం చేసినా రాయి మోసం చేయదు, దెబ్బ పడగానే ఆ మోత స్తంభంలోంచి వెన్నులోకి దిగుతుంది. గంట కొట్టేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియని కిటుకు ఇది. ఒకటి, రెండు, మూడు... ముప్పై రెండు వచ్చేసరికి కన్నీళ్ళకి ఆయన మూతి తడిసిపోయింది. అబ్బ, ఏం గంట! ఫిలేమోనుని ఇన్నాళ్ళూ అనవసరంగా తిట్టామే అనుకున్నాడు.

ముప్పై రెండంటే ఎలుగే, అడవిలో ముసలి ఎలుగు జెకర్యా ఒక్కడే. అడవి కదిలొచ్చింది. జింకలు వచ్చాయి, నెమళ్ళు వచ్చాయి, ఏనాడూ పలకరించని తోడేళ్ళు కూడా వచ్చాయి. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది పక్క గుహ అడవిపంది సుగుణమ్మ, వెనకాల తొమ్మిదిమంది పిల్లలతో.

"ఓరి నాయనో, అన్నయ్యా! బంగారంలాంటి మనిషివి గదా! నీ తేనెతుట్టె మా పిల్లాడు దొంగిలిస్తే కూడా పల్లెత్తు మాట అనలేదు గదా!"

"అది మీవాడి పనా!" అన్నాడు జెకర్యా, స్తంభం చాటునుంచి బయటికొచ్చి.

సుగుణమ్మ కెవ్వుమంది. గమలీయేలు ముందుకొచ్చి పథకం గురించి వివరించాడు. వచ్చినవాళ్ళు కాసేపు గొణుక్కున్నారు గానీ, ఎలాగూ వచ్చాం గదా అని నాలుగు మంచి మాటలు చెప్పి, సంఘంవారి కషాయం తాగి వెళ్ళారు. జెకర్యా పొంగిపోయాడు. "ఇంతమంది ఉన్నారా నాకు!" అని దారి పొడవునా తనలో తనే అనుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరాడు.

గుహలో సుగుణమ్మ గడ్డి పరుస్తోంది.

"ఇదేంటమ్మా?"

"ఏం చెప్పమంటావన్నయ్యా! సింహంగారి కచేరీవాళ్ళు మధ్యాహ్నమే ఈ గుహ మా పేర రాసిచ్చారు. ఖాళీ అయ్యిందట. మాది ఇరుకు గదా, ఎప్పుడో పెట్టుకున్నాం దరఖాస్తు. నువ్వేం అనుకోకు, నీ మీద నాకు గౌరవం చచ్చేంత ఉంది."

జెకర్యా మర్నాడు పొద్దున్నే సింహంగారి కచేరీకి పరిగెత్తాడు. గుమాస్తా ఏదుపంది తన వీపు మీది ముల్లు ఒకటి పీక్కుని, సిరాలో ముంచి, తల ఎత్తకుండానే అడిగింది.

"పేరు?"

"జెకర్యా. నా గుహ నాకు ఇప్పించండి."

"మీరు పోయారండీ. నిన్న ముప్పై రెండు దెబ్బలు పడ్డాయి. నేనే లెక్కపెట్టాను."

"నీ ముందు నిలబడి ఉన్నాను గదయ్యా!"

"నిలబడటం వేరు, బతికుండటం వేరు. ఈ కచేరీలో నిలబడేవాళ్ళు రోజుకి వందమంది ఉంటారు." ఏదుపంది పాత దస్త్రం ఒకటి తిరగేసింది. "ఎనిమిదేళ్ళ కింద ఒక ముసలి కుందేలు మీ దగ్గరికొచ్చి, నా గంట పొరపాటున కొట్టారు, నేను బతికే ఉన్నానని ఏడిస్తే మీరేమన్నారు?"

జెకర్యాకి గుర్తొచ్చింది. మొహం మాడిపోయింది.

"గంట పడ్డాక నా చేతిలో ఏం లేదు, గంట అబద్ధం చెప్పదు అన్నారు. ఇదిగో, రాసి ఉంది. అప్పటినుంచీ ఇదే మాకు ప్రమాణం."

"ఆ కుందేలు ఏమైంది?"

"పక్క అడవికి వెళ్ళిపోయింది. చనిపోయింది గానీ, ఆరోగ్యంగానే ఉందట."

ఇక సంఘమే దిక్కు. మంగళవారం దాకా జెకర్యా పొదల్లో పడుకుని, నడుం పట్టేసి, కుంటుకుంటూ నేరేడు చెట్టు కిందికి చేరాడు. అప్పటికే అందరూ తలలు వంచుకుని లేచి నిలబడి ఉన్నారు.

"గమలీయేలుగారూ! నా గుహ పోయింది!"

"ష్! రెండు నిమిషాలు మౌనం. కీర్తిశేషులు జెకర్యాగారి కోసం," అన్నాడు గమలీయేలు.

"కీర్తిశేషుడేంటయ్యా, నేనే జెకర్యాని! మీ తీర్మానం వల్లే నాకీ గతి పట్టింది!" అని జెకర్యా గొంతు చించుకున్నాడు. ఎవరికీ సరిగ్గా వినపడలేదు కాబట్టి మౌనం చక్కగా సాగింది.

మౌనం అయ్యాక గమలీయేలు జాలిగా చూశాడు. "చూడు నాయనా, గంట వెనక్కి తీసుకుంటే మన వృత్తికే తలవంపులు. పైగా నియమావళి ప్రకారం బతికున్న సభ్యులకే మాట్లాడే హక్కు. నీ ఫోటో ఉంటే ఇవ్వు, చెట్టుకి కట్టిద్దాం."

జెకర్యా అక్కడే కూలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళు నమ్మిన గంట, ప్రాణంలా చూసుకున్న సంఘం, రెండూ కలిసి తనని ఇంట్లోంచి గెంటేశాయి. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

సిలువరాజుకి మనసు కరిగింది. పక్కన చేరి చెవిలో గట్టిగా అరిచాడు. "అన్నా, చచ్చినవాణ్ణి బతికించే గంట లేదు గానీ, పుట్టిన బిడ్డకి ఒక్క దెబ్బ కొడతాం గదా?"

ఫిలేమోను ఈసారి కూడా ఎందుకని అడగలేదు. ఒక్క దెబ్బ కొట్టాడు. కచేరీలో ఏదుపంది మరో ముల్లు పీక్కుంది. "ఎలుగు. మగబిడ్డ. పుట్టింది నేడే. బరువు," అని జెకర్యాని ఎగాదిగా చూసి, "ఆరోగ్యకరం" అని రాసుకుంది.

"హమ్మయ్య! ఇప్పుడు నా గుహ?"

"పసిబిడ్డలకి గుహలివ్వం. పెంచేవాళ్ళు సంతకం చేయాలి. తల్లిదండ్రులెవరు?"

ముప్పై ఏళ్ళవాడు అమ్మని ఎక్కణ్ణుంచి తెస్తాడు? గమలీయేలేమో పుట్టి పూట కూడా కానివాడికి రిటైరైనవాళ్ళ సంఘంలో చోటు లేదని అప్పుడే కబురు పంపాడు.

అప్పుడు వరుసలో వెనక నిలబడ్డ సుగుణమ్మ ముందుకొచ్చింది. "రాసుకోండి బాబూ, నేను పెంచుకుంటా. తొమ్మిదిమందితో పాటు పదోవాడు. ఆ తేనెతుట్టె పాపం కూడా కొంచెం తీరుతుంది."

అలా జెకర్యా తన గుహలోకి తానే పదో సంతానంగా అడుగుపెట్టాడు. ఆ సాయంత్రం సుగుణమ్మ ఆయన చెవి పట్టుకుని వాగు దగ్గరికి తీసుకెళ్ళి మట్టి వదిలేలా రుద్దింది. "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయా నాన్నా?" అని ఆకులు కాచి కాపడం పెట్టింది. తిన్నావా అని మూడుసార్లు అడిగింది. పిల్లలు ఆయన బొజ్జ మీద ఎక్కి దొర్లారు. సగం చెవుడున్న ముసలాయనకి ఆ గోలలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఎవరో తనతోనే మాట్లాడుతున్నారని తెలిసింది. పంతొమ్మిదేళ్ళ కొలువులో, రెండేళ్ళ సంఘంలో, ముప్పై రెండు దెబ్బల గంటలో కూడా దొరకనిది అదే. గుహ తన పేర రాయించుకోవాలన్న మాటే మళ్ళీ ఎత్తలేదాయన.

నీతి: ముసలితనంలో నలుగురూ పట్టించుకోవాలంటే సంఘం పెట్టి లాభం లేదు, వీలు చూసుకుని మళ్ళీ పుట్టడమే తేలిక.