హెర్రింగ్ చేప కేసులో తీర్పు

చలికి పేరుపడ్డ విన్నిపెగ్ నగరం ఉత్తరపు వాడలోని మా యూదుల ప్రార్థనా మందిరంలో యూదేతరుల ప్రాణాలకు పూర్తి రక్షణ కల్పించబడుతున్నదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఆ పని ప్రతి ఆదివారం పొద్దున బేస్‌మెంటులో, టీ తాగుతూ జరుగుతుంది.

మా ప్రాచీన ధర్మశాస్త్రంలో యూదుడికి మరణశిక్ష వెయ్యాలంటే ఇరవై ముగ్గురు న్యాయమూర్తులు, ఇద్దరు సాక్షులు కావాలి. నేరానికి ముందే "వద్దు, చస్తావు" అని హెచ్చరించి ఉండాలి. నేరం తనే ఒప్పుకున్నా చెల్లదు. అందరూ ఏకగ్రీవంగా దోషి అన్నారా, అతని పక్షాన ఆలోచించినవాడే లేడని వదిలెయ్యాలి. యూదేతరుడికైతే ఒక జడ్జి, ఒక సాక్షి చాలు. హెచ్చరిక అక్కర్లేదు. చిల్లర దొంగతనానికైనా తల పోతుంది. ఆ శిక్షలు వేసే కోర్టు లేక రెండు వేల ఏళ్లు కావస్తోంది కనుక మా చర్చకు ఆటంకం లేదు.

"ఒక్క సాక్షితో మనిషిని చంపేస్తారా? ఘోరం!" అని మా కమిటీ అధ్యక్షుడు జెలిగ్ గారు బల్ల గుద్దేవారు. మా మతగురువు రబ్బీ ఫైవెల్ గారు కళ్లద్దాలు తుడుచుకునేవారు.

అలాంటి ఒక ఆదివారం, మందిరానికి వచ్చే బ్లూమా గారు ఉప్పు, మీగడల్లో ఊరవేసి తెచ్చిన హెర్రింగ్ చేప వంటగదిలోంచి మాయమైంది. వంటగది తాళాలు ఒరెస్ట్ దగ్గరుంటాయి. ఒరెస్ట్ మా వాచ్‌మన్, మందిరాన్ని వెచ్చబెట్టే బాయిలర్ వెలిగించేదీ అతనే. యూదుడు కాని ఉక్రేనియన్, మంచివాడు.

"నేను తినలేదయ్యా, పొద్దుట్నించీ బాయిలర్ దగ్గరే ఉన్నా," అన్నాడు.

"చూశారా, అడక్కుండానే తినలేదంటున్నాడు!" అన్నారు జెలిగ్ గారు.

టీ చల్లారేలోపు ఉద్యోగం ఊడింది. మేము మళ్లీ యూదేతరుల హక్కుల్లో మునిగిపోయాం.

మరుసటి ఆదివారం బాయిలర్ వెలగలేదు. ఓవర్‌కోట్లతో కూర్చున్నాం. వేడినీళ్ల కోసం రబ్బీ గారూ, బ్లూమా గారూ, నేనూ వంటగదిలోకి వెళ్తే, ఆవిడ ఈ వారం తెచ్చిన చేప గిన్నె ముందు, చేతిలో ఫోర్కు, గడ్డానికి మీగడతో జెలిగ్ గారు దర్శనమిచ్చారు.

"పోయినవారంది కూడా నేనే. ఉప్పు భలే కుదిరిందిలే బ్లూమా," అన్నారు నిజాయితీగా.

వెంటనే న్యాయం మొదలైంది. ఒప్పుకోలు కొట్టివేయబడింది. "తినబోయేముందు ఎవరైనా హెచ్చరించారా?" అని రబ్బీ గారు విచారించారు. ఇరవై ముగ్గురం కూర్చుని ఏకగ్రీవంగా దోషి అన్నాం, కాబట్టి వదిలేశాం. నాకు సిగ్గేసింది. అయినా చప్పట్లు కొట్టాను.

"మరి ఒరెస్ట్‌కి సాక్షి ఎవరండీ?" అన్నారు బ్లూమా గారు.

రబ్బీ గారు తీర్పు చెప్పారు. "ఒక జడ్జి, ఒక సాక్షి. జడ్జి జెలిగ్ గారు. చేప ఎక్కడికి పోయిందో కళ్లారా చూసినవారూ ఆయనే. శాస్త్రానికి లోటు రాలేదమ్మా."

అయితే చలికి లోటు లేదు. అందుకని "మొదటి తప్పుగా భావించి ఒరెస్ట్‌ను క్షమించడమైనది" అని తీర్మానించి అతని ఇంటికి వెళ్లాం.

"తినని చేపకి క్షమించడమేంటి బాబూ?" అన్నాడు ఒరెస్ట్ గుమ్మంలో నిలబడి. "బాయిలర్ మీరే వెలిగించుకోండి." తలుపు వేసేశాడు.

మమ్మల్ని చీవాట్లు పెట్టబోయే పాఠకులకు ఒక్క విన్నపం. చేప పోయిందని చెప్పాను, తాళాలు ఒరెస్ట్ దగ్గరుంటాయని చెప్పాను. అతనే తిన్నాడని ఒక్క ముక్క చెప్పలేదు. ఆ క్షణాన మీకు వేరే సాక్షి కావలసి వచ్చిందా? రాలేదంటే, మా కమిటీలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చేటప్పుడు కోటు తెచ్చుకోండి.