ఫ్లెక్సీ మీద దండ

ఆదివారం పొద్దున ఇమ్మాన్యుయేల్ అనుకున్నది చాలా చిన్న పని. పదింటికి కమ్యూనిటీ హాల్లో ఆల్బం వినిపించాలి, వచ్చినవాళ్లకు చాయ్ పోయాలి.

ఒకప్పుడు గోదావరిఖనిలో అతనూ వేణుమాధవూ కలిసి 'నల్లపొర' అనే మెటల్ బ్యాండు నడిపారు. అతను గిటార్ పట్టుకుని అరిస్తే, వేణుమాధవ్ డ్రమ్ములు బాదితే, క్వార్టర్లవాళ్లు కిటికీలు మూసుకునేవారు. తర్వాత ఇద్దరూ బొగ్గుబాయి డ్యూటీల్లో పడ్డారు, బ్యాండు మూలపడింది. ఇన్నేళ్లకు మళ్లీ కలిశారు. తాళాలు ఇప్పటికీ మెలికలు తిరుగుతాయి గానీ అరుపుల బదులు రాగం వచ్చింది. పాటలన్నీ కలిపి ఒకటే కథ: కప్పు కూలి, రాత్రంతా బొగ్గుబాయిలో చిక్కుకున్న కార్మికుడిది. ఆ కార్మికుడు ఇమ్మాన్యుయేల్ తండ్రి సామ్యేల్. ఆ రాత్రి గురించి ఆయన ఇంట్లో ఎన్నడూ నోరు విప్పలేదు. ఆయన ఒక్కసారి ఈ పాటలు వింటే చాలని కొడుకు ఆశ.

బసంత్‌నగర్‌లో కూతురింట్లో ఉంటున్న ఆయనకు ముందురోజే ఫోన్ చేశాడు.

"బాపు, రేపు నువ్వు రావాలె."

"బాయిల పేలుళ్లకు సగం చెవులు పోయినయ్ బిడ్డ. ఉన్న సగం ఉండనియ్యి."

"ఈసారి అరుపుల్లేవు బాపు."

"గట్లయితె నువ్వు పాడినట్టెట్లయితది?" అని ఆయన పెట్టేశాడు.

చౌరస్తాలో వేణుమాధవ్ ఫ్లెక్సీ కట్టించాడు. నల్లటి ఫ్లెక్సీ. మధ్యలో నవ్వని ఇమ్మాన్యుయేల్, పక్కన బాయి కార్మికుల టోపీ దీపం, కింద 'తిరిగిరాని దీపం' అని ఆల్బం పేరు, హాలు, టైము. 'పాటల విడుదల' అన్నది అడుగున చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఫొటో చుట్టూ మాత్రం బంతిపూల దండ.

"దండేందిరా?"

"షాపాయన రోజూ సావు ఫ్లెక్సీలే చేస్తడు, చెయ్యి అలవాటు. ఊకెనే ఏసిండు, పైసలడగలే. ఊకో, మెటలోళ్లకు మంచిగనే ఉన్నది."

ఫోన్ మోగితే స్పీకర్లు గురగురమంటాయని ఇద్దరూ ఫోన్లు ఆపేసి, హాల్లో తెర వెనక వైర్లు కలుపుతూ కూర్చున్నారు.

నైట్ షిఫ్టు దిగి ఇంటికి పోతున్న బుచ్చన్న ఆ ఫ్లెక్సీ చూసి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "మొన్ననే నాతోని చాయ్ తాగిండు." కాసేపటికి "బాయిల ప్రమాదమట" అని ఇంకొకరు, "కంపెనీవాళ్లు దాస్తున్నరట" అని మరొకరు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఇమ్మాన్యుయేల్ ఒంటరిగా ఉండే క్వార్టర్‌కు పోతే తాళం. ఇంకేం సాక్ష్యం కావాలి? యూనియన్ నాయకుడు రఘుపతి పెద్ద దండ కొనుక్కుని బయల్దేరాడు.

పదింటికి వేణుమాధవ్ తెర సందులోంచి చూశాడు. "జాగ లేక నిలవడ్డరురా."

ఇమ్మాన్యుయేల్ తొంగి చూశాడు. ముందు వరుసలో, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని తండ్రి.

"బాపు అచ్చిండు," అన్నాడు. "మాటలొద్దు. పాట పెట్టు."

రెండో పాటకే ఆడవాళ్లు ఏడుపందుకున్నారు. డ్రమ్ములు అదే పనిగా మోగుతుంటే, "ఎంత కొట్లాడిండో పాపం," అని ఎవరో నిట్టూర్చారు. చివరి పాటలో దీపం ఆరిపోతూ ఒక్క గిటారే మిగిలినప్పుడు సామ్యేల్ ముఖం తలుపు వైపు తిప్పుకున్నాడు. కన్నీళ్లు దాచుకుంటున్నాడనుకున్నాడు కొడుకు. ఇన్నేళ్ల కష్టానికి ఇది చాలనుకున్నాడు.

పాట అయిపోగానే తెర పక్కకు జరిపి ముందుకు వచ్చి అందరికీ చేతులు జోడించాడు.

ఒక కేక వినిపించింది. బుచ్చన్న కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. రఘుపతి దండను ఏం చెయ్యాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"సిగ్గుండాలె. నిద్ర మానుకోని అచ్చిన," అన్నాడు బుచ్చన్న లేస్తూ.

"చాయ్ తాగి పోర్రి," అని వేణుమాధవ్ వెనకాలే నడిచాడు. ఎవరూ ఆగలేదు.

సామ్యేల్ స్టేజీ ఎక్కి కొడుకు ముఖం రెండు చేతులతో తడిమి చూశాడు. చాలాసేపు తడిమాడు.

"పాటలెట్లున్నయ్ బాపు?"

"ఏం పాటలు?"

"ఇప్పుడిన్నవు గదా. నీ కథనే."

"నేనేం ఇన్న కొడుకా. నిన్నెప్పుడు మోసుకొస్తరా అని తలుపు దిక్కు సూస్కుంట కూసున్న."

"మల్ల ఏస్త. మొదటి పాటన్న ఇను."

"బతికున్నవు గదా," అన్నాడు ఆయన తువ్వాల భుజాన వేసుకుంటూ. "ఇంకెందుకు?"

ఆయన బస్సు పట్టుకోవడానికి వెళ్లిపోయాడు. రఘుపతి దండ మీద నీళ్లు చల్లించుకుని వెంట తీసుకుపోయాడు. సాయంత్రం వేరే చౌరస్తాలో నిజమైన ఫ్లెక్సీ ఉందట.