ఉప్పుదీవి ఎల్వారాపై మా సంఘం చేసిన తీర్మానం

మనిషి ఒంటరిగా పుడతాడని తత్వవేత్తలు రాశారు. వాళ్ళెవరూ డెన్మార్కులో పుట్టినవాళ్ళు కారు. ఇక్కడ మనిషి సభ్యుడిగా పుడతాడు. ఏ సంఘానికన్నది తరవాత తేలుతుంది.

మా వీబోర్గ్ ఊళ్ళో కుందేళ్ళ చేత గెంతులు వేయించేవారికి ఒక సంఘం ఉంది. చలికాలంలో సరస్సులో మునిగేవారికి ఒకటి, మునిగినంత కాలం మునిగి జబ్బు చేసి మానుకున్నవారికి ఇంకొకటి. కాబట్టి మేం నలుగురు స్నేహితురాళ్ళం కలిసి నవలలు చదువుకుందాం అనుకున్నప్పుడు, ఊరికే చదువుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ముందు నియమావళి రాసుకున్నాం. మొదటి సమావేశం మొత్తం, రెండో సమావేశంలో సగం దానికే పోయాయి. మిగతా సగంలో పుస్తకానికి చోటు దొరకలేదు.

వీబెకె బడిలో ఉప ప్రధానోపాధ్యాయురాలు. ఆమె గొంతు సవరించుకుంటే కుక్కలు కూడా కూర్చుంటాయి. అందుకని ఆమె అధ్యక్షురాలైంది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే బెంటె కోశాధికారి (కోశం లేదు, ఉంటే ఎవరు చూడాలన్నది తేలి ఉండాలి కదా). నేను కార్యదర్శిని. ఇక పదవి లేకుండా మిగిలింది సిసెల్ ఒక్కతే. మా నియమావళిలో ‘సర్వసభ్యులు’ అని ఎక్కడ కనిపించినా అర్థం సిసెల్ అనే.

నియమాలు కఠినమైనవి. సమావేశం వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో జరగాలి. ఆ సమయంలో భర్తలు ఇంట్లో ఉండరాదు (ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, మళ్ళీ తీస్తారు). చెయ్యెత్తకుండా మాట్లాడరాదు. పుస్తకం పూర్తిగా చదవడం ‘తప్పనిసరి’ అని మొదట ఉండేది. ఒక లావుపాటి నవల వచ్చాక దాన్ని ‘కోరదగినది’ అని ఏకగ్రీవంగా సవరించాం.

కిందటేడు శరదృతువులో సిసెల్ భర్త మోగెన్స్, టైల్స్ వేసే మేస్త్రీ, ఈతకొలనులో వ్యాయామం నేర్పే ఆవిడతో సిల్కెబోర్గ్ వెళ్ళిపోయాడు. సంఘం వెంటనే కదిలింది. విచారం తెలుపుతూ తీర్మానం చేశాం. వంతులు వేసుకుని సిసెల్‌కి సూపు పట్టుకెళ్ళాం (ముగ్గురమూ గుమ్మడికాయ సూపే, సమన్వయానికి ఉపసంఘం వేయలేదు). ఆపైన ప్రతి సమావేశంలోనూ ‘ఇతర విషయాలు’ కింద మోగెన్స్‌ను తిట్టుకున్నాం. ఆ అంశం పుస్తకం సమయాన్ని తినేస్తోందని గమనించి, వీబెకె దానికి విడిగా ఒక అంశం కేటాయించింది.

సిసెల్ మనసు తేలికపడాలనే మేం ‘ఉప్పుదీవి దీపం’ అనే ప్రేమకథ ఎంచుకున్నాం. అందులో ఎల్వారా అనే పిల్లను ఒక దీపస్తంభం కాపలాదారు ప్రేమించి, ముత్యాలు తీసే ఇంకొకర్తె కోసం వదిలేసి పోతాడు. అప్పుడు సముద్రంలోంచి ఒక రాజు వస్తాడు. భుజాల మీద వెండి పొలుసులు, వయసు ఆరువందలు, చూడ్డానికి ముప్ఫై. నలుగురమూ రాజు పక్షమే. బెంటె అతని బొమ్మ ఉన్న దిండు కూడా కొంది (కూతురి కోసమని చెప్పింది. కూతురు అడగలేదట).

రెండో భాగం చర్చ ఫిబ్రవరిలో సిసెల్ ఇంట్లో పెట్టుకున్నాం. కొవ్వొత్తులు వెలిగించి ఉన్నాయి. మా కోట్లు సిసెల్ తీసుకెళ్ళి పడకగదిలో మంచం మీద పడేసి వచ్చింది. వీబెకె సమావేశం ప్రారంభమైనట్టు ప్రకటించేలోపే బెంటె బద్దలైంది.

“తలుపు తీసిందే! ఆ కాపలావాడు వానలో తడుస్తూ వచ్చి తట్టగానే ఎల్వారా వెళ్ళి తలుపు తీసింది!”

“చెయ్యెత్తు, బెంటె,” అంది వీబెకె.

బెంటె చెయ్యెత్తింది. “తలుపు తీసిందే!” అని మళ్ళీ అంది.

సిసెల్ దాల్చినచెక్క రొట్టె కోస్తూ, “బయట వాన కదా,” అంది.

“వానైతే? గొడుగిచ్చి పంపాలి! బంగారం లాంటి రాజు నీళ్ళల్లో మెడలోతున నిలబడి ఎదురుచూస్తుంటే, ఆ చచ్చు వెధవని లోపలికి పిలిచి చేపల పులుసు పెడుతుందా? దానికి సిగ్గుండక్కర్లా?”

“ఏమనుకుందో మనకేం తెలుసు?”

“అనుకోవడానికి బుర్రుంటే కదే!” అని బెంటె నవ్వింది. నేనూ నవ్వాను. వీబెకె కూడా, పదవి అనుమతించినంత మేరకు, నవ్వింది.

సిసెల్ రొట్టెను అవసరానికి మించి ముక్కలు చేస్తోంది.

వీబెకె తీర్మానం ప్రతిపాదించింది: ‘కథానాయిక ఎల్వారా మోసగాడిని తిరిగి ఇంట్లోకి రానివ్వడం ద్వారా ఆత్మగౌరవాన్ని కోల్పోయిందని, జాలిపడటానికి కూడా తగదని ఈ సంఘం భావిస్తోంది.’ అనుకూలంగా మూడు చేతులు లేచాయి. సిసెల్ చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను. చూసి, ‘వ్యతిరేకం: ఒకటి’ అని రాసుకున్నాను.

తీర్మానాన్ని రచయిత్రికి పంపాలా, పంపితే ఏ భాషలో అని చర్చ మొదలైంది. బెంటె కళ్ళజోడు కోటు జేబులో ఉండిపోయిందని పడకగదిలోకి వెళ్ళింది. మరుక్షణం కెవ్వుమని అరిచింది.

అందరం పరిగెత్తాం. మంచం మీద, మా కోట్ల మధ్య, వీబెకె గొర్రెతోలు కోటు మోకాళ్ళ మీద కప్పుకుని మోగెన్స్ కూర్చుని ఉన్నాడు. చేతిలో నవల రెండో భాగం. చదువుతున్న పేజీలో వేలు పెట్టుకున్నాడు.

“అరవకు, బెంటె,” అన్నాడు. “నియమం ప్రకారం నేను ఇంట్లో లేను.”

గోడలు పలుచన. అంతా విన్నాడని అతని ముఖం చూస్తేనే తెలిసింది. అయినా మర్యాద తప్పలేదు. “మీ సూపులు బాగుండేవని సిసెల్ చెప్పింది,” అన్నాడు.

“ఎప్పట్నించి ఇది?” అని వీబెకె సిసెల్‌ను బడిపిల్లను అడిగినట్టు అడిగింది.

“క్రిస్మస్ అయిన వారం నించి.”

“మాకో మాట చెప్పొద్దూ?”

“చెబితే ఏ అంశం కింద పెట్టేవాళ్ళు?”

ఎవరూ చెయ్యెత్తలేదు.

“ఇన్నాళ్ళూ మీరు ఇతన్ని తిట్టిన తిట్లన్నీ నేను హాయిగానే విన్నాను,” అంది సిసెల్. గొంతు పెంచలేదు, రొట్టె కత్తి మాత్రం ఇంకా చేతిలోనే ఉంది. “ఇవాళ మీరు తిట్టింది ఇతన్ని కాదు.”

తీర్మానం కల్పిత వ్యక్తికి మాత్రమే సంబంధించినదని వీబెకె స్పష్టం చేసింది. బెంటె నా వెనక్కి జరిగి, అంగుళం కూడా లేని చోట దాక్కోవాలని చూసింది. వాతావరణం తేలికపరచాలని మోగెన్సే పూనుకున్నాడు.

“నాకైతే ఆ తలుపు తీసిన చోటే నచ్చింది,” అన్నాడు. “నిజం చెబుతున్నా, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రండి, స్నానాలగది చూపిస్తాను.”

చూశాం. వెళ్ళిపోయిననాడు సగంలో వదిలేసిన గది. ఇప్పుడు నేలంతా కొత్త టైల్స్, మూడు గోడలు పూర్తి. రోజూ పని నించి రాగానే, ఆదివారాలు కూడా, మోకాళ్ళ మీద కూర్చుని వేస్తున్నాడట. ఈస్టర్ నాటికి అయిపోతుందట.

“ఒక్క మాట అనలేదు, తెలుసా?” అన్నాడు, గర్వంగా. “ఒక్క నిష్ఠూరం లేదు. కాఫీ ఇస్తుంది, తరవాతి గోడ చూపిస్తుంది.”

సిసెల్ గుమ్మంలో నిలబడి మావైపు తిరిగింది. “ఇంతకీ మీలో ఎవరైనా ఆఖరిదాకా చదివారా?”

ఎల్వారా తలుపు తీసిన పేజీ దగ్గరే బెంటె కోపంతో ఆపేసింది. వీబెకె ఫోన్లో ఎవరో పెట్టిన సారాంశం చదివింది. నేను కొత్త టైల్స్ నాణ్యతను పరిశీలించాను.

“నేను రెండుసార్లు చదివాను,” అంది సిసెల్.

“ఏమవుతుందే?” అంది బెంటె.

సిసెల్ మోగెన్స్ వైపు చూసి, “ఇతను ఇంకా అక్కడిదాకా రాలేదు. ఇప్పుడే చెప్పేస్తే బాగోదు,” అని అతని చేతికి రొట్టె పళ్ళెం అందించింది.

ఆ వారం మేం ముగ్గురం ఎవరింట్లో వాళ్ళం నవల చివరిదాకా చదివాం. సంఘ చరిత్రలో ఇది మొదటిసారి.

కాపలాదారు వదిలి వెళ్ళిన నాటినించి దీపస్తంభం మెట్లు కూలి ఉన్నాయి. ఎల్వారా అతన్ని లోపలికి రానిస్తుంది, పులుసు పెడుతుంది. చలికాలమంతా అతను ఒక్కొక్క మెట్టూ కట్టుకుంటూ పైకి వెళతాడు. తనను క్షమించిందని ప్రతి మెట్టు మీదా మురిసిపోతాడు. వసంతంలో ఆఖరి మెట్టు పూర్తవుతుంది. ఎల్వారా పైకెక్కి దీపం వెలిగించి, కిందికొచ్చి, అతని కోటు అతనికిచ్చి, చాలా సంతోషమని చెప్పి, తలుపు గడియ వేసుకుంటుంది. రాజుకు కూడా కబురు పెట్టదు.

మార్చి సమావేశం బెంటె ఇంట్లో. దిండు కనబడలేదు. పాత తీర్మానాన్ని వెనక్కి తీసుకోవాలని నేను ప్రతిపాదించాను. అందుకు ముందస్తు నోటీసు ఇవ్వలేదని వీబెకె తోసిపుచ్చింది. తరవాత, మోగెన్స్‌కు ఎవరైనా ఒక మాట చెప్పాలా అన్న అంశం చర్చకు వచ్చింది.

“పాపం, మోకాళ్ళు వాచిపోయి ఉంటాయి,” అంది బెంటె.

కాసేపు అందరం ఆ మోకాళ్ళ గురించి ఆలోచించాం. ముగింపును తనంతట తాను చేరుకునే హక్కు ప్రతి పాఠకుడికీ ఉందని, అందులో సంఘం జోక్యం చేసుకోరాదని తీర్మానించాం. ఏకగ్రీవం.

సిసెల్ హాజరు కాలేదు. టైల్స్ సందుల్లో నింపే సిమెంటు కోసం మోగెన్స్‌తో కలిసి దుకాణానికి వెళుతున్నానని ఫోన్ చేసి చెప్పింది. ఇరవై ఏళ్ళు చెక్కుచెదరని రకమే కొనాలని మోగెన్సే పట్టుబట్టాడట.