ఇంట్లోనే ఉండి దేశం దాటినవాడు

ఉదయం ఎనిమిదింటికి అతను ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పాడు. రెండుసార్లు దగ్గి, కాస్త ఆగి, "పర్లేదు సార్, రేపటికి తగ్గిపోతుంది" అన్నాడు. బీమా కంపెనీలో జనం చెప్పుకునే జబ్బుల్లో నిజమెంతో తేల్చడం అతని ఉద్యోగం. ఎక్కడ దగ్గాలో, ఎక్కడ ఆగాలో అతనికి తెలిసినంతగా రోగులకు కూడా తెలియదు.

జ్వరానికి కారణం ఒక కొత్త గేమ్. అది ఏదో దూరదేశంలో ఆ రోజే విడుదలవుతోంది, ఇక్కడ మర్నాడు. గేమ్ కన్సోల్లో వీపీఎన్ పెట్టుకునే వీలు లేకపోవడంతో, దాన్ని ఏకంగా ఇంటి మొత్తానికీ నెట్ అందించే రౌటర్లోనే పెట్టేశాడు.

"వీపీఎన్ అంటే ఏంటండీ?" అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"మనం ఇక్కడే ఉంటాం. నెట్‌కి మాత్రం వేరే దేశంలో ఉన్నట్టు కనిపిస్తాం."

"అబద్ధం అంటే సరిపోయేదిగా. అదీ మూడక్షరాలే. ఇంతకీ రేపటిదాకా ఆగలేరా?"

"రేపు ప్రమోషన్ల జాబితా వస్తుంది. అందులో నా పేరుంది. సెక్షన్ హెడ్డయ్యాక ఇలా దగ్గడం కుదరదు."

పదింటికి గేమ్ తెరుచుకుంది. పది నిమిషాలకే ముందుగదిలోంచి తల్లి కేక వినిపించింది.

"ఒరేయ్! నా సీరియల్ ఈ దేశంలో లేదంటోందిరా టీవీ! నిన్న ఉందిగా!"

చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్న కొడుక్కి వినపడలేదు. కోడలు వెళ్లింది. ఇల్లు మొత్తం దేశం దాటిందని ఆమెకు అర్థమైంది గానీ, ఎవరికీ చెప్పలేదు.

"అదొస్తుందిలెండి అత్తయ్యా. అందాకా ఇది చూడండి" అని, తెర మీద కనిపించిన పరదేశపు సీరియల్ ఒకటి పెట్టి సౌండ్ పెంచింది.

"మాటలు తెలియవు కదే."

"మొహాలు తెలుస్తాయిగా."

అత్తగారు రెండు నిమిషాలు చూసి, "ఆ మూతి బిగించుకు కూచున్నది కోడలే కదూ?" అంది.

"ఎలా కనిపెట్టారు?"

"నాకు తెలియదా!"

పదకొండింటికి మేనేజర్ ఫోన్ చేశాడు. "ఎలా ఉంది ఒంట్లో?"

"మంచం దిగలేదు సార్."

"అయితే మంచంతో సహా వెళ్లారన్నమాట. ఇందాక మీ ఆఫీసు మెయిల్ పరదేశంలో తెరుచుకుందని కంప్యూటర్ సెక్షన్ వాళ్లు చెబుతున్నారు. మన పోటీ కంపెనీ హెడ్డాఫీసు ఉన్నదీ అక్కడే. ఇంటర్వ్యూ బాగా చేశారా?"

తన ఫోన్ కూడా ఇంటి వైఫైలోనే ఉందన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. "లేదు సార్! ఇంట్లోనే ఉన్నాను!"

"వీడియో ఆన్ చెయ్యండి."

అతను దుప్పట్లో దూరాడు. భార్య అతని నుదుటి మీద తడిగుడ్డ వేసింది. కొంచెం ఎక్కువే తడిపింది.

"చూడండి సార్, నా మంచం, నా గోడ."

మేనేజర్ కూడా జబ్బుల్లో నిజం తేల్చే పనిలోనే పైకొచ్చినవాడు. "గోడలు హోటళ్లలోనూ ఉంటాయి. ఆ వినిపించేది ఏం భాష?"

ముందుగదిలో పరదేశపు అత్తాకోడళ్లు గొంతులు పెంచారు.

"టీవీ సార్. మా అమ్మ చూస్తోంది."

"అమ్మగారికి ఆ భాష వచ్చా?"

"రాదు సార్."

"రాని భాషలో సీరియల్ చూస్తున్నారంటారు."

ఇలాంటి దరఖాస్తు తన బల్ల మీదికొస్తే చదవకుండానే కొట్టేసేవాణ్నని అతనికి తెలుసు.

"జాబితాలోంచి మీ పేరు తీసేస్తున్నాను" అన్నాడు మేనేజర్.

భార్య అతని చెవి దగ్గరికి వంగింది. "నిజం చెప్పెయ్యండి. దేశం దాటితే ఉద్యోగమే పోతుంది. గేమ్ ఆడితే పరువే కదా."

అతను దుప్పటి తన్నేసి లేచాడు. జ్వరం లేదన్నాడు. కన్సోల్ చూపించాడు, రౌటర్ చూపించాడు, నుదుటి మీది గుడ్డ పిండి మరీ చూపించాడు. మేనేజర్ అంతా విని నిట్టూర్చాడు.

"ఇది నమ్మడం అంతకన్నా కష్టం. అరగంటలో నా ఎదుట నిలబడండి. నిలబడితే ఇక్కడున్నట్టు. లేకపోతే అక్కడే ఉండిపోండి."

"ముందు ఆ వీపీఎన్ తీసెయ్!" అని అరుస్తూ, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటూ అతను వీధిలోకి ఉరికాడు. ఇరవై తొమ్మిదో నిమిషంలో మేనేజర్ గదిలో నిలబడ్డాడు. మేనేజర్ అతని నుదురు ముట్టుకు చూసి, "చల్లగానే ఉంది. పేరు ఉంచుతాను" అని ఒక ఫైళ్ల కట్ట చేతిలో పెట్టాడు. అన్నీ జ్వరాలే.

భోజనాల వేళ అతను ఇంటికి ఫోన్ చేశాడు. "వీపీఎన్ తీసేశావా?"

"అత్తయ్య తియ్యనివ్వట్లేదండీ. సీరియల్లో ఉంగరం కాజేసింది ఆ కోడలో కాదో తేలాలట."

"మరి నా గేమ్?"

"ఊరికే ఉండటమెందుకని నేను కూచున్నాను. మూడో లెవెల్లో ఉన్నా. వంతెన దాటాక కుడికా, ఎడమకా?"

"నాకేం తెలుసు? నేనింకా మొదటి లెవెలే దాటలేదు."

"అయితే మీ వల్ల లాభం లేదు, ఉంటా" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ ఇంటి ముగ్గురిలో ఆ రోజు స్వదేశంలో మిగిలింది అతనొక్కడే.