ఐసు ఫ్యాక్టరీ సెంటర్లో ఏసురత్నం మెదడు

ట్రాఫిక్ హెడ్ కానిస్టేబుల్ గెడ్డం ఏసురత్నం మెదడు సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఐసు ఫ్యాక్టరీ సెంటర్లో డ్యూటీలో చేరింది. ఏసురత్నం మాత్రం ఆసుపత్రి స్కానింగ్ గదిలో, మిషన్ సొరంగంలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెదడు సంతకం పెట్టలేదు కాబట్టి రిజిస్టర్లో దాని ఫోటో అంటించారు.

ఏసురత్నానిది మోటార్ న్యూరాన్ జబ్బు. మెదడు ఇచ్చిన ఆజ్ఞను కండరాలకు మోసుకుపోయే నరాలు ఒక్కొక్కటే ఎండిపోతాయి. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి, ఆ వెనక కాళ్లు పడిపోయాయి. మాట మిగిలింది, కాస్త ముద్దగా. పందొమ్మిదేళ్లు సెంటర్లో ట్రాఫిక్ దిమ్మ మీద నిలబడ్డ మనిషిని మెడికల్ బోర్డు ఇంటికి పొమ్మంటే ప్రాణం ఉసూరుమంది. మళ్లీ ఆ సెంటర్లోకి పోవాలి, ఆయనకు కావలసింది అదొక్కటే.

"పోతే ఆ దుమ్ములోనే పోవాలే సువార్తా, ఈ మంచమ్మీద కాదు" అన్నాడు భార్యతో.

"పోయే సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు గంజి తాగండి" అంది సువార్తమ్మ.

ఆ జబ్బును మెదడు ఎలా తట్టుకుంటుందో డాక్టర్ హైమవతి పరిశోధిస్తున్నారు. ఏసురత్నాన్ని మిషన్లో పెట్టి, "చెయ్యి ఎత్తాలని అనుకోండి" అన్నారు. చెయ్యి కదల్లేదు. తెరమీద మెదడు మాత్రం నిప్పుల కుంపటిలా వెలిగింది. పోల్చి చూడ్డానికి జబ్బులేని మనిషి కావాలంటే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ సోములును పంపారు. సోములు నిజంగానే వేళ్లు కదిపాడు. అతని మెదడులో ఆవగింజంత చోటు మినుక్కుమంది.

"కదిలే చేతికి అంత శ్రమ అక్కర్లేదు. కదలని చేతికోసం మెదడు ఇరుగుపొరుగుల్ని కూడా సాయం పిలుచుకుంటుంది" అన్నారు డాక్టరమ్మ.

సోములును వెనక్కి తీసుకెళ్లడానికొచ్చిన సీఐ రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే మావాళ్లలో పని చేస్తున్నది ఈయనొక్కడేనన్నమాట" అన్నాడు. నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. చేతులు, కాళ్లు అశక్తత కింద రిటైరయ్యాయి, మెదడును సర్వీసులో కొనసాగించడమైనది. బూట్లు వెనక్కి తీసుకుని టోపీ ఉంచేశారు.

మిషన్లోని మెదడు వెలిగినట్టల్లా కనిపించేలా సెంటర్లో పెద్ద తెర కట్టారు. మిషన్లో ఏసురత్నం కళ్లముందు అద్దం పెట్టి అందులో సెంటరు కనిపించేలా చేశారు. మొదటిరోజు ఒక పొరపాటు జరిగింది. కుడి చేతిని నడిపేది ఎడమ మెదడని డాక్టరమ్మకు తెలుసు, సీఐకి తెలియదు. పాల వ్యాన్లన్నీ చేపల మార్కెట్లోకి, చేపల వ్యాన్లన్నీ ఆడపిల్లల కాలేజీలోకి పోయాయి. మర్నాడు "మెదడు ఎడమవైపు వెలిగిన కుడివైపు వాహనములు ఆగవలెను" అని బోర్డు పెట్టారు. మూడోరోజుకల్లా ఊరికి అలవాటైపోయింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండే ఆటో మావుళ్లు కూడా గీత దగ్గర బుద్ధిగా ఆగాడు. పందొమ్మిదేళ్లూ ఏసురత్నం చెయ్యికిందనుంచి దూరిపోయినవాడే.

"చెయ్యయితే బతిమాలుకోవచ్చండి. మెదడుతో ఏం మాట్టాడతామండి?" అన్నాడు.

ఏసురత్నానికి ఒకటే సంబరం. సంబరం ఎక్కువైనప్పుడు మెదడంతా ఒక్కసారే వెలిగేది, నాలుగు రోడ్లూ ఆగిపోయేవి. జనం బండ్లు దిగి కబుర్లు చెప్పుకునేవారు. రెండు పెళ్లి సంబంధాలు కూడా అలాగే కుదిరాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఆదివారం మిషన్‌కు సెలవు. సువార్తమ్మ ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సెంటరుకు తీసుకొచ్చింది. దుమ్ము, పొగ, హారన్లు. ఏసురత్నం గుండెలనిండా పీల్చి, కళ్లతోనే నవ్వాడు. అవతలి పక్కన చెరుకురసం బండి ఉంది. పందొమ్మిదేళ్లూ ఎండలో దిమ్మమీంచి దాన్ని చూడ్డమే గానీ, ఒక్కనాడూ దిగి తాగలేదు.

"దాటించవే" అన్నాడు.

తెర చీకటిగా ఉంది. ఒక్క బండీ ఆగలేదు. సువార్తమ్మ చెయ్యెత్తింది. "కుర్చీలో ఉన్నది ఏసురత్నంగారయ్యా! రోజూ మిమ్మల్ని ఆపే మనిషి!" అని అరిచింది.

మావుళ్లు నడుపుతూనే దండం పెట్టాడు. "ఆయ్, తెలుసండి. కానీ తెర వెలగలేదు కదండి!"

డ్యూటీలో ఉన్న సోములు నిబంధన చదివి వినిపించాడు. మెదడు మిషన్లో ఉంటేనే రోడ్డు ఆగుతుంది. మిషన్లో ఉన్న మనిషి రోడ్డు దాటలేడు. "మీకు తెలియని రూలేముందండి" అన్నాడు మర్యాదగా.

గంటసేపు అక్కడే ఉన్నారు. ఏసురత్నానికి ఏడుపొచ్చింది. కన్ను తుడుచుకోవడానికి చెయ్యి లేదు, సువార్తమ్మే తుడిచింది. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది.

"రేపు నేను లోపలుంటాను. నువ్వు దాటు" అన్నాడు.

సోమవారం పదింటికి సువార్తమ్మ ఖాళీ కుర్చీ తోసుకుంటూ రోడ్డు మీదికి దిగింది. అద్దంలో ఆమె కనిపించగానే తెరమీద మెదడు మొత్తం భగ్గున వెలిగింది. నాలుగు రోడ్లూ ఆగిపోయాయి. సోములు కుర్చీకి సెల్యూట్ చేశాడు. స్కూలు బస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారు. మావుళ్లు ఆటో దిగి కుర్చీకి దారి చూపించాడు. రసం బండివాడు ఒక గ్లాసు ఆవిడ చేతికిచ్చి, ఇంకోటి కుర్చీలో పెట్టాడు. ఏసురత్నంగారు రోడ్డు దాటినట్టు పరిగణించడమైనదని రిజిస్టర్లో రాసుకున్నారు.

ఆ పద్ధతి అందరికీ నచ్చింది. అప్పట్నుంచి చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్లందరికీ దాన్నే ఖాయం చేశారు. మనిషి ఆసుపత్రిలో ఉండాలి, కుర్చీ రోడ్డు దాటాలి. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపమన్నారు. ఎవరూ తెలపలేదు.

ఆ సోమవారం సాయంత్రం ఏసురత్నాన్ని మిషన్లోంచి బయటికి తీశాక సువార్తమ్మ ఆత్రంగా అడిగింది. "రసం ఎలా ఉందండీ?"

ఏసురత్నం కాసేపు నాలుక చప్పరించాడు. "బావుందే. అల్లమే కాస్త ఎక్కువేశాడు."

"అవునండి, ఎక్కువే వేశాడు" అంది సువార్తమ్మ, కుర్చీలో ఒలికిన రసాన్ని కొంగుతో తుడుస్తూ.